బిల్లు ఒక్కటే చూస్తే ఎలా?
ఇంజిన్ పోయిన పాత కారును బాగు చేయించాలా, అమ్మేయాలా అన్న మీ వ్యాసంలో, రిపేరు ఖర్చు బండి ధరలో సగం దాటితే అమ్మేయమని రాశారు. కానీ ఇంజిన్ పోయిన బండిని ఆ ధరకు ఎవరు కొంటారండీ?

మాది 2013 డీజిల్ కారు. 2023లో విజయవాడ నుంచి వస్తుంటే సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. ముందున్న హోటల్ దగ్గర ఆపుదాంలే అని ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగాను. తప్పు నాదే. హెడ్ గాస్కెట్ (ఇంజిన్‌కీ, దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయి ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీస్తే పాలు పోసిన కాఫీ రంగు! ఒక షెడ్డులో ఇంజిన్ మొత్తం మార్చాలి, లక్షా 20 వేలు అన్నారు. ఇంకో మెకానిక్ హెడ్ విప్పి, వంకర ఎంతుందో చూసి, ఫేసింగ్ (హెడ్ అడుగు చదును) చేయించి, గాస్కెట్, వాటర్ పంపు మార్చి 38 వేలలో తేల్చాడు. బోరు (సిలిండర్ లోపలి గోడ), పిస్టన్లు బాగుండబట్టి సరిపోయింది. బేరింగులు కూడా పోయి ఉంటే నేనూ అమ్మేసేవాణ్నే.

ఆర్సీ మాట వ్యాసంలో ఎక్కడా లేదు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్. మాకు అప్పటికి ఐదేళ్లు మిగిలింది. ఏడాదే మిగిలుంటే ఆ 38 వేలు కూడా పెట్టేవాణ్ని కాదు.

ఇంజిన్ ఇప్పటికీ బాగానే ఉంది. ఏసీయే సతాయిస్తోంది, మా ఆవిడ రోజూ గుర్తు చేస్తూనే ఉంది.