ఏకపక్ష వైరం

పులికి భయపడేవాణ్ని ఎవరూ తప్పుపట్టరు. పామును చూసి కేక వేస్తే నలుగురు కర్రలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. సొరచేపంటే భయమని చెప్పుకోవడం మర్యాదస్తుల లక్షణం కింద జమ అయిపోయింది. మరి నేనేం పాపం చేశాను? జెల్లీఫిష్ అంటే భయమని చెప్పిన ప్రతిసారీ ఎదుటివాడు ముందు నవ్వుతాడు, ఆ తర్వాత నా వయసు అడుగుతాడు. నలభై తొమ్మిది. అందులో నలభై ఒక్కేళ్లు ఈ భయంతోనే గడిచాయి. ఇంత సర్వీసున్న భయానికి ఇప్పటికైనా గుర్తింపు దక్కాలని ఈ వ్యాసం ద్వారా మనవి చేసుకుంటున్నాను.

పూర్వాపరాలు ఇవి. ఎనిమిదేళ్లప్పుడు సముద్రపు ఒడ్డున, తడి ఇసుకలో ఏదో తళతళలాడుతుంటే ఎవరో పారేసిన పాలిథిన్ కవరనుకున్నాను. కాదని దగ్గరికెళ్లాక తెలిసింది. కాలితో కదపబోతుంటే నాన్న చూశాడు. చూసి ఆపాడా? లేదు. "ఒరేయ్, అది చచ్చిపోయిందిరా, ఏం చెయ్యదు" అన్నాడు. నాన్న అబద్ధాలు చెప్పే మనిషి కాదు. చెప్పిన కొద్దిపాటిలో అదొకటి.

నా కేకకు అందరికంటే ముందు చేరుకున్నది మా బావ. వస్తూనే ఒక వైద్యం చెప్పాడు. దానికి కావలసిన మందు తన దగ్గరే సిద్ధంగా ఉందన్నాడు. వద్దు బావా అనేలోపే పని కానిచ్చేశాడు. జెల్లీఫిష్ కుట్టినచోట మూత్రం పోస్తే ఉపశమనం రాదనీ, చర్మానికి అంటుకుని మిగిలిపోయిన విషపు కణాలు దాంతో ఇంకా రెచ్చిపోయే ప్రమాదం ఉందనీ పెద్దయ్యాక చదివాను. ఆ కాగితం తీసుకెళ్లి చూపించాను కూడా. ఆయన దాన్ని ఇప్పటికీ సేవ అనే అంటాడు.

ఇక నాన్న మాట. 2010లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ తీరంలో చచ్చిన జెల్లీఫిష్ ఒకటి ముక్కలు ముక్కలై నీళ్లలో తేలుతూ ఇంచుమించు 150 మందిని కుట్టింది. ఒక్కటే. అదీ చచ్చాక. దాని తీగల నిండా ఉండే కణాల్లో చుట్టచుట్టి దాచిన సూదిలాంటి దారం ఉంటుంది. ఏదైనా తగిలితే చాలు, బయటికి దూసుకొస్తుంది. అందుకు యజమాని అనుమతి అక్కర్లేదు, యజమాని ప్రాణాలతో ఉండాల్సిన పని అసలే లేదు. ఇదే వర్గానికి చెందిన హైడ్రాలో కొలిచి చూస్తే, ఆ దూకుడుకు సెకనులో పది లక్షలో వంతు కూడా పట్టలేదు. నాకు 'అమ్మా' అనడానికి అంతకన్నా ఎక్కువ సేపే పట్టింది.

న్యూ హాంప్‌షైర్ వార్తను నాన్నకు మొత్తం చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "మరి చెప్పులు వేసుకోవాల్సిందిరా" అన్నాడు.

అయితే నన్ను ఇన్నేళ్లుగా తినేస్తున్నది ఆ మంట కాదు. మంట సాయంత్రానికి తగ్గింది. పాము పగబడుతుందంటారు చూశారూ, ఆ మాటలో మనిషికి ఎంత గౌరవం ఉందో ఎప్పుడైనా ఆలోచించారా? పగబట్టాలంటే ముందు మన మొహం గుర్తుండాలి. పేరు కాకపోయినా వాసనైనా తెలియాలి. జెల్లీఫిష్‌కు ఆ సదుపాయమే లేదు. మెదడు లేదు, గుండె లేదు, ఎముక లేదు. ఒంట్లో నూటికి తొంభై అయిదు పాళ్లు నీళ్లే. చాపకింద నీరు అన్న మాట పుట్టించిన పెద్దమనిషి, నీరే చాప కప్పుకుని వస్తే ఎలా ఉంటుందో చూసి ఉండడు. నలభై ఒక్కేళ్లుగా నేను దాని గురించి ఆలోచిస్తున్నాను. నా గురించి ఆలోచించడానికి దాని దగ్గర సామగ్రి లేదు. ఇంత ఏకపక్షంగా సాగిన సంబంధం నా జీవితంలో ఇంకొకటే ఉంది, దాని ప్రస్తావన ఇక్కడ అనవసరం.

బుర్ర లేనిదాన్ని చూసి భయమేమిటంటారా? 1999 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లోని లుజోన్ దీవిలో చాలా భాగం ఒక్కసారిగా చీకటైపోయింది. సైన్యం తిరుగుబాటు చేసిందని జనం గుసగుసలాడుకున్నారు. తీరా చూస్తే విద్యుత్ కేంద్రం నీటి గొట్టాల్లోకి జెల్లీఫిష్‌లు లారీల కొద్దీ వచ్చి పడ్డాయి. పాపం ఆ జనం కుట్రదారుల కోసం వెతుకుతున్నారు. కుట్రకు ఎంతో కొంత బుర్ర కావాలి కదా! 2013లో స్వీడన్‌లోని ఆస్కర్షామ్ అణు రియాక్టర్‌దీ ఇదే గతి. 2025 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని గ్రావెలీన్ కేంద్రంలో నాలుగు రియాక్టర్లు ఆగిపోయాయి. మిగిలిన రెండూ అప్పటికే మరమ్మతులో ఉన్నాయి గనక కేంద్రం మొత్తం చేతులెత్తేసినట్టే. ధర్నా లేదు, డిమాండ్ల పత్రం లేదు. అవి అటుగా వెళ్తున్నాయి, అంతే. బెదిరించేవాడితో బేరమాడొచ్చు. అటుగా వెళ్తున్నవాడితో ఏం మాట్లాడతాం?

ఇలాంటిదాన్ని భూమ్మీదే కట్టడి చెయ్యలేకపోతుంటే, 1991లో కొలంబియా షటిల్‌లో దాదాపు రెండున్నర వేల జెల్లీఫిష్ పిల్లల్ని అంతరిక్షానికి పంపారు. తొమ్మిది రోజుల యాత్ర ముగిసేసరికి అరవై వేలయ్యాయి. ఆ వ్యోమగాముల ధైర్యానికి నా నమస్కారం. టురిటాప్సిస్ డోర్నీ అని ఇంకో రకం ఉంది. దెబ్బ తగిలినా, ఆకలేసినా పెద్దరికం వదిలేసి మళ్లీ పసిదశకు వెళ్లిపోతుంది, అక్కణ్నుంచి కొత్తగా పెరుగుతుంది. ఒక నెలాఖర్లో నేనూ ప్రయత్నించాను. ఇంట్లో ఒప్పుకోలేదు.

ఇంత జరిగినా నాకు ఒకే ఒక ఊరట ఉండేది. ఎంత కుట్టినా దానికి నేనెవరో తెలియదు, గుర్తుపెట్టుకోదు, రెండోసారి వెతుక్కుంటూ రాదు. ఆ ఊరటను కూడా 2023లో పరిశోధకులు లాగేసుకున్నారు. వేలిగోరంత ఉండే ఒక బాక్స్ జెల్లీఫిష్‌ను చారల గోడలున్న తొట్టెలో వేశారు. దానికి ఇరవై నాలుగు కళ్లు. మొదట్లో చారలు ఎక్కడో దూరంగా ఉన్నాయనుకుని గోడలకు గుద్దుకుంటూ తిరిగింది. ఏడెనిమిది నిమిషాలు తిరక్కుండానే గుద్దుకోవడం సగానికి తగ్గించేసింది. నేర్చుకుందట! మెదడు లేకుండా! మా హాల్లో బల్ల కోడుకు నా కాలి చిటికెన వేలు గుద్దుకోవడం మొదలై పదహారేళ్లయింది. ఇప్పటికీ వారానికోసారి తప్పదు.

అంటే అది నేర్చుకోగలదు. మరి ఆ రోజు ఇసుకలో పడి ఉన్నది నిజంగా ఏమీ గుర్తుపెట్టుకోలేదని పూచీ ఎవరిస్తారు? చచ్చిపోయింది కదా అంటారేమో. ఆ మాట నా దగ్గర అనకండి.

ఈ వివరాలన్నీ మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె పూర్తిగా విని, టీవీ పెట్టింది. కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం వాళ్లు జెల్లీఫిష్ తొట్టె ముందు కెమెరా పెట్టి లోకానికంతా ప్రత్యక్ష ప్రసారం చేస్తుంటారు. మనసు కుదుటపడటానికట. ఒత్తిడి తగ్గుతుందని ఎవరో చెబితే అప్పట్నుంచీ రోజూ రాత్రి తొమ్మిదికి మా ఇంట్లో అదే కార్యక్రమం. గోడంత టీవీ నిండా నారింజ రంగు గొడుగులు, వాటి వెనకాల మూరల కొద్దీ తీగలు, ముడుచుకుంటూ విచ్చుకుంటూ అటుగా వెళ్తుంటాయి. పది నిమిషాల్లో ఆమె నిద్రపోతుంది. రిమోట్ ఆమె చేతి కింద ఉంటుంది. లాగితే లేస్తుంది.

మొన్న మధ్యలో కళ్లు తెరిచి, "ఇంట్లో చెప్పులేంటండీ, అదీ సోఫా మీద?" అంది.

మా నాన్నను అడగమన్నాను.