సవరణ: రక్తదాతలకు స్క్రబ్ టైఫస్ పరీక్ష

రక్తదాన శిబిరం గురించి పెట్టిన పోస్టులో, దానం చేసిన రక్తానికి మలేరియాతో పాటు స్క్రబ్ టైఫస్ (చిగ్గర్ అనే చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) పరీక్ష కూడా చేస్తారని రాశాను. అది తప్పు. మన దేశంలో ఔషధ నిబంధనల ప్రకారం ప్రతి యూనిట్‌కీ తప్పనిసరిగా చేసేవి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలే. రక్తనిధిలో పనిచేసే ఒక డాక్టరు గారు చెప్పాక, నిబంధనలు నేనూ చదివి చూశాను.

స్క్రబ్ టైఫస్‌కు మామూలుగా వాడే యాంటీబాడీ పరీక్ష (జబ్బును ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే పదార్థాలను చూసే పరీక్ష) జ్వరం మొదలైన తొలి రోజుల్లో నెగెటివ్ రావచ్చు. జబ్బు తగ్గిపోయాక కూడా కొంతకాలం పాజిటివ్ చూపించవచ్చు. కాబట్టి దాత చెప్పే వివరాలే ఇక్కడ కీలకం. ఫారంలో జ్వరం గురించి అడిగే ప్రశ్నను చదవకుండా టిక్ పెట్టేయకండి. చిగ్గర్ పురుగు కుట్టిన వారం, పది రోజులకు గానీ జ్వరం రాదు. పొలం పనికో, పొదల్లోకో వెళ్లొచ్చిన వాళ్లు చంకలు, గజ్జలు, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమో చూసుకోండి. అది నొప్పి పుట్టదు, అందుకే చాలామంది గమనించరు. ఉంటే ముందు డాక్టరుకు చూపించండి, రక్తదానం తర్వాత చేయవచ్చు.

రక్తం ఇచ్చొచ్చాక జ్వరం వస్తే మొహమాటపడకుండా వెంటనే రక్తనిధికి ఫోన్ చేయండి. ఆ యూనిట్ ఇంకా ఎవరికీ ఎక్కించకపోతే పక్కన పెట్టేస్తారు.

నా పోస్టు చూసి, రక్తం ఎక్కించుకోవాలంటే టెన్షన్‌గా ఉందని ఇద్దరు ముగ్గురు అడిగారు. స్క్రబ్ టైఫస్ వచ్చేది పురుగు కాటు వల్ల. డాక్టరు రక్తం అవసరమంటే వద్దనకండి.