రాతలో ఉన్నదే సంస్థ జ్ఞానమా?

సంస్థకు తెలిసినదంతా రాతలోకి ఎక్కాలని, రాతలో లేనిదాన్ని సంస్థ సొత్తుగా లెక్కించరాదని ప్రతిపాదన. వాది దీన్ని సమర్థిస్తున్నారు, ప్రతివాది ఖండిస్తున్నారు.

వాది: అనుభవజ్ఞుడు పదవీ విరమణ చేసిన మర్నాడు ఆయన పని ఎవరు చేస్తారన్న ప్రశ్నకు జవాబు లేదంటే, ఆ సంస్థ ఇన్నేళ్లూ తనదనుకున్న జ్ఞానం అద్దెకు తెచ్చుకున్నదే. అమెరికా అణ్వాయుధాల్లో వాడే ‘ఫాగ్‌బ్యాంక్’ అనే పదార్థం సంగతి చూడండి. తయారీ ఆగిన చాలా ఏళ్లకు అది మళ్లీ అవసరమైతే, మిగిలిన రికార్డులు కొద్దిపాటివేనని, విధానం తెలిసినవారిలో చాలామంది వెళ్లిపోయారని 2009లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ నివేదించింది.

ప్రతివాది: ఆ ఉదంతం అక్కడితో ఆగలేదు. పాత విధానాన్ని పునరుద్ధరించి కొత్త కర్మాగారంలో తయారుచేసినా ఆ పదార్థం సరిగా రాలేదు. పూర్వపు ముడిసరుకులో ఉన్న ఒక మలినమే దానికి ప్రాణమని, ఆధునిక శుద్ధి ప్రక్రియ దాన్నే తొలగిస్తోందని చివరికి తేలింది. ఆ మలినం ప్రాముఖ్యం మొదట తయారుచేసినవారికే తెలియదు. తమకే తెలియనిదాన్ని వారు ఏ దస్తావేజులో రాసిపెట్టగలరు?

వాది: కారణం తెలియకపోయినా ముడిసరుకు ఎక్కడిది, దాని కూర్పేమిటి, ఏ దశలో ఎలా శుద్ధి చేశారు అన్న వివరాలు నమోదు చేయవచ్చు కదా. రాసినవారికి అర్థం కాని సంగతి కూడా తర్వాత చదివినవారికి అర్థమయ్యే అవకాశాన్ని రాత ఒక్కటే మిగులుస్తుంది.

(ఈ ఒక్కచోట వాదిదే పైచేయి అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.)

ప్రతివాది: సరే, రాయగలిగినదంతా రాశారనే అనుకుందాం. మనం చెప్పగలిగినదానికన్నా మనకు తెలిసినది ఎక్కువని తత్వవేత్త మైకేల్ పొలానీ 1966లోనే అన్నారు. ‘టీఈఏ లేజర్’ అనే ఒక రకం వాయు లేజర్‌ను నిర్మించిన ప్రయోగశాలలపై సామాజిక శాస్త్రవేత్త హ్యారీ కాలిన్స్ 1974లో ప్రచురించిన అధ్యయనం ఆ మాటకు గట్టి సాక్ష్యం. ప్రచురిత వ్యాసాలను మాత్రమే చదివి పనిచేసే లేజర్‌ను తయారుచేసిన ప్రయోగశాల ఆయనకు ఒక్కటీ కనబడలేదు. అప్పటికే తయారుచేసినవారితో పరిచయం ఉన్నవారే నెగ్గారు. చదివినవారు అసమర్థులు కారు, శాస్త్రవేత్తలే.

వాది: అయితే ఆ పరిచయస్థులు లేని రోజున ఏం చేస్తారు? పనికి అవసరమైన జ్ఞానాన్ని గుర్తించి, నిలుపుకుని, అందుబాటులో ఉంచాలని నాణ్యతా నిర్వహణకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9001 2015 నుంచి కోరుతున్నది ఇందుకే.

ప్రతివాది: కోరుతున్న మాట నిజమే. ఆచరణలో మాత్రం ఆడిట్‌కు ముందు హడావిడిగా ఫైళ్లు నింపుతారు. షేర్డ్ ఫోల్డర్‌లో ఒకే విధానానికి నాలుగు ప్రతులుంటాయి, ఏది తాజాదో ఎవరికీ తెలియదు. రాజీనామా చేసిన ఉద్యోగి మనసు కొత్త కొలువు మీద ఉండగా అప్పగింత నోట్స్ రాస్తాడు. కాలం చెల్లిన సూచన ఉండటం, అసలు ఏ సూచనా లేకపోవడం కన్నా ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని నమ్మి పనిచేసేవారుంటారు.

వాది: అది నిర్వహణ లోపం, రాత లోపం కాదు. జిరాక్స్ సంస్థ కాపీయర్లు బాగుచేసే సాంకేతికులు మాన్యువల్‌లో లేని చిక్కులను ఒకరికొకరు ముచ్చట్లుగా చెప్పుకుని పరిష్కరించుకునేవారని మానవశాస్త్రవేత్త జూలియన్ ఓర్ గమనించారు. 1990లలో అదే సంస్థ ‘యురేకా’ పేరుతో అలాంటి చిట్కాలను నమోదు చేయించింది, అవి ఇతర సాంకేతికులకూ ఉపయోగపడ్డాయి.

ప్రతివాది: అక్కడ రాసినది పనిచేసేవారే, సరిచూసినది తోటి సాంకేతికులే, చిట్కా కింద ఉండేది రాసినవారి పేరే. పైఅధికారి ఆదేశంతో నింపిన పట్టికలకూ దానికీ పోలిక లేదు. అలాంటి రాతకు నేను విరోధిని కాను. వెళ్లేవారూ వచ్చేవారూ కొన్ని నెలలు కలిసి పనిచేయకుండా, రాతతోనే సరిపెట్టుకోవడానికి మాత్రమే విరోధిని.

వాది: అయితే ఆ నెలల్లో కొత్తవారు రాయాలి, పాతవారు దిద్దాలి. తనకు అలవాటైపోయినది రాయాలన్న సంగతి పాతవారికి తట్టదు. కొత్తవారు అడిగే ప్రతి ప్రశ్నా రాయవలసిన విషయమే.

ప్రతివాది: దీనికి అభ్యంతరం లేదు, ఒక షరతుకు మీరు ఒప్పుకుంటే. ఆ రాతకూ దిద్దుబాటుకూ పట్టే గంటలను పని గంటలుగానే లెక్కించాలి. ఇద్దరికీ ఆ మేరకు రోజువారీ లక్ష్యాలు తగ్గించాలి.

వాది: ఆ ఖర్చు భరించడానికి యాజమాన్యాన్ని ఒప్పించడం మనిద్దరి వాదన కన్నా కష్టం.