మూడడుగుల హాఫ్లింగ్‌కు ఎంత బలం ఉండాలి?

డైస్ వేస్తూ కథలోని పాత్రలను నడిపించే ఆట డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్. దాన్ని ఆడేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తెగని తగువు ఒకటుంది. మూడడుగుల ఎత్తు, 18 కిలోల బరువు ఉండే హాఫ్లింగ్ అనే పొట్టి జాతి పాత్రకూ, ఏడడుగులు దాటిన గోలియత్ అనే భారీ జాతి పాత్రకూ ఒకే బలం ఉండొచ్చా? 2014 నాటి ఐదో ఎడిషన్ (నియమాల ఐదో కూర్పు) ఉండొచ్చనే అంది. ఇద్దరికీ స్ట్రెంగ్త్, అంటే బలాన్ని చెప్పే అంకె, గరిష్ఠంగా 20. మోయగల బరువును స్ట్రెంగ్త్ అంకెకు 15 పౌండ్ల చొప్పున లెక్కగడతారు. ఈ లెక్కలో చిన్న సైజుకూ మధ్య సైజుకూ తేడా లేదు. కాబట్టి 16 స్ట్రెంగ్త్ ఉన్న హాఫ్లింగ్ 240 పౌండ్లు, అంటే దాదాపు 109 కిలోలు మోస్తాడు. తన ఒంటి బరువుకు ఆరు రెట్లు!

ఎత్తు సగానికి తగ్గితే కండ అడ్డుకోత వైశాల్యం నాలుగో వంతు అవుతుంది, కండబలం దాన్ని బట్టే ఉంటుంది. ఆ లెక్కన మనిషి 240 పౌండ్లు మోసేచోట హాఫ్లింగ్ మోయాల్సింది 60. వాస్తవికత కావాలనేవాళ్ల మాట ఇక్కడ నిజమే. కానీ ఇదే సూత్రాన్ని డ్రాగన్‌కు వర్తింపజేస్తే అది నేల విడిచి లేవలేదు. దాన్ని ఎగరనిచ్చి హాఫ్లింగ్ దగ్గర మాత్రం తక్కెడ తీశామంటే, మనం కాపాడుతున్నది భౌతికశాస్త్రాన్ని కాదు, అలవాటును.

ఆ అలవాటు ఎక్కడిదో చూద్దాం. 1974 నాటి తొలి నియమాల్లో డ్వార్ఫ్ (మరుగుజ్జు) యోధుడు 6వ లెవెల్ దగ్గర, హాబిట్ 4వ లెవెల్ దగ్గర ఆగిపోవాలి. లెవెల్ అంటే పాత్ర అనుభవంతో ఎక్కే మెట్టు. హాబిట్‌ను సృష్టించిన టోల్కీన్ రచనల హక్కుదారులు అభ్యంతరం చెప్పాక హాబిట్ కాస్తా హాఫ్లింగ్ అయ్యాడు. 1981 బేసిక్ నియమాల్లో డ్వార్ఫ్, ఎల్ఫ్, హాఫ్లింగ్ అన్నవి జాతులే కాదు, వృత్తులు కూడా. వాటి లెవెల్ హద్దులు వరుసగా 12, 10, 8. ఆట మనుషుల చుట్టూ తిరగాలన్నది ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ ఉద్దేశం, ఈ హద్దులు అందుకే. వందల ఏళ్లు బతికే ఎల్ఫ్ విద్య ఒకచోట ఆగిపోవడం, అరవై డెబ్బై ఏళ్ల మనిషి దాన్ని దాటిపోవడం వాస్తవికతకు పూర్తిగా ఎదురు. సంప్రదాయం, వాస్తవికత ఒకే పక్షమనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు.

2000లో మూడో ఎడిషన్ లెవెల్ హద్దులు ఎత్తేసి, జాతిని బట్టి అంకెలకు కలిపే, తీసే ప్లస్ మైనస్‌లను పైకి తెచ్చింది. ఆర్క్ అనే మొరటు జాతి రక్తం సగమున్న హాఫ్ ఆర్క్‌కు స్ట్రెంగ్త్ +2, ఇంటెలిజెన్స్ (తెలివి) -2, కరిష్మా (ఆకర్షణ) -2. ఆర్క్ రక్తమున్న విజార్డ్‌ను, అంటే తెలివితో మంత్రాలు వేసేవాణ్ణి, ఆడాలన్న ఇష్టం అక్కడే సగం చచ్చిపోయింది. ఐదో ఎడిషన్‌లో పాయింట్లతో కొనగల అత్యధిక అంకె 15, దాని బోనస్ (డైస్ ఫలితానికి కలిపేది) +2. జాతి ఇచ్చే ఒక్క పాయింటు కలిస్తే 16, బోనస్ +3. ఇరవై ముఖాల డైస్ మీద ఆ తేడా 5 శాతమే. కానీ ప్రతి మంత్రం దగ్గరా అది గుర్తొస్తుంది కాబట్టి విజార్డ్ అనగానే తెలివికి పాయింట్లు తెచ్చే జాతులైన నోమో, హై ఎల్ఫో వచ్చి కూర్చుంటారు. 2020లో ఆ పాయింట్లను కావలసినచోటికి మార్చుకోనిచ్చారు. 2024 పుస్తకం వాటిని జాతి నుంచి తీసి, పాత్ర పూర్వవృత్తానికి అప్పగించింది. రేస్ అన్న మాట పోయి స్పీసీస్ వచ్చింది. తెలుగులో రెండూ జాతే కాబట్టి మనకు ఆ మార్పు కనిపించదు.

అంకెలు ఆటగాడి ఇష్టానికి వదలడం సరైనదే. అయితే 2024లో అంకెతోపాటు శరీరం కూడా కొంత పోయింది. 2014లో హాఫ్లింగ్ గ్రేట్‌సోర్డ్ అనే భారీ ఖడ్గం ఎత్తితే రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవాల్సివచ్చేది. ఇప్పుడు 13 స్ట్రెంగ్త్ ఉంటే చాలు, పొట్టి పొడుగు అడిగేవాళ్లు లేరు. ఇది నష్టమే. జాతి తేడా ఆటలో తెలిసేది ఇలాంటిచోటే.

చీకటి సంగతి ఇంకా ముఖ్యం. 2024 పుస్తకంలోని పది జాతుల్లో ఏడింటికి డార్క్‌విజన్, అంటే చీకట్లో చూసే శక్తి, ఉంది. మనిషి, హాఫ్లింగ్, గోలియత్‌లకు లేదు. గుంపులో ఒక్క మనిషున్నా కాగడా వెలగాలి. 20 అడుగుల వెలుగు, ఆపైన మరో 20 అడుగుల మసక, గంటసేపు. ఆ వెలుగును శత్రువూ చూస్తాడు. ఆట నడిపించే డన్‌జన్ మాస్టర్లలో చాలామంది మరిచిపోయేది ఒకటుంది: డార్క్‌విజన్‌కు కటిక చీకటి మసక వెలుతురులా కనిపిస్తుందే తప్ప పగలు కాదు. కంటితో వెతికే పర్సెప్షన్ పరీక్షకు అక్కడ డిసడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవడం) ఉంటుంది. ఇది వదిలేస్తే గుహలో దాచిన ఉచ్చులకు అర్థమే లేదు.

తెలుగువాళ్లు ఆడేచోట మరో చిక్కు రాక్షసుడు. ఈ ఆటలో అతనిది పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు, పుట్టుకతోనే దుష్టత్వం. విభీషణుణ్ణి ఎరిగినవాళ్లకు ఆ చివరిది మింగుడుపడదు. పడనక్కర్లేదు కూడా. గోలియత్ నియమాలు తీసుకుని పేరు మార్చుకోండి. 5వ లెవెల్ నుంచి పది నిమిషాలపాటు ఒళ్లు పెంచి లార్జ్ సైజుకు చేరొచ్చు, స్ట్రెంగ్త్ పరీక్షలకు అడ్వాంటేజ్ (రెండు డైస్‌లో ఎక్కువది తీసుకోవడం), నడకకు మరో 10 అడుగులు. కూలిపోతూ దేహం పెంచి కౌరవసేనలో ఒక అక్షౌహిణిని నలిపేసిన ఘటోత్కచుడికి ఆ నియమం అతికినట్టు సరిపోతుంది.