పంచాగ్నులు ఏం సరిపోతాయి మామా

పూర్వం ఋషులు ఎండాకాలంలో చుట్టూ నాలుగు అగ్నులు రాజేసుకుని, పైన సూర్యుణ్ణి ఐదోదిగా లెక్కేసుకుని తపస్సు చేసేవాళ్ళంట. పంచాగ్ని తపస్సు అంటారు. నాకైతే అందులో అంత గొప్పేం కనపడట్లేదు, కూర్చున్న చోటే కదా కూర్చున్నారు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, నల్ల టీషర్ట్ వేసుకుని, హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాకా రెండొందల కిలోమీటర్లు దాటి బైక్ తొక్కే మావాళ్ళ సంగతేంటి మరి? తొడల మధ్య ఇంజన్, కింద తారు రోడ్డు, ముందు లారీ పొగ, పైన సూర్యుడు, వెనక "ఇంకెంత దూరం రా" అని చెవిలో అరిచే ఫ్రెండ్. ఐదూ ఉన్నాయి, పైగా పెట్రోల్ ఖర్చు మనదే.

ప్లాన్ మాత్రం శాస్త్రోక్తంగానే ఉంటది. దారిలో వచ్చే నల్లమల పులులు తిరిగే అడవి కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూర్ దగ్గర గేటు వేసేస్తారు, సో గేటు తీసే టైమ్‌కి మనం అక్కడుండాలి, సో మూడింటికల్లా తుక్కుగూడలో కలవాలి అని మెసేజ్ పడగానే గ్రూప్‌లో అందరూ బొటనవేలు పెట్టేస్తారు. లేచేది అడ్మిన్ ఒక్కడే. ఒకడు ఫోన్ ఎత్తడు. ఒకడు "దారిలో ఉన్నా మామా" అంటాడు, వెనక వాళ్ళింట్లో మిక్సీ తిరుగుతుంటది. ఇంకొకడు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పది నిమిషాల్లో వచ్చేస్తానంటాడు, ఔటర్ మీదికి టూవీలర్లని రానివ్వరనే సంగతి ఆ మహానుభావుడికి ఆ పొద్దే తెలుస్తది. మొత్తానికి బండ్లు కదిలేసరికి తొమ్మిదిన్నర, అడవిలో అడుగుపెట్టేసరికి సూర్యుడు నడినెత్తిన. ఇంత కరెక్ట్‌గా ముహూర్తం ఏ పంతులుగారు పెట్టగలడు?

ఎండ సంగతి ఎవడన్నా ఎత్తితే "బండి మీద గాలి తగులుద్దిలే" అంటారు. తగులుద్ది, ఎందుకు తగలదు. ఒంటి వేడి కన్నా గాలి వేడెక్కువైనప్పుడు, అంటే 42, 43 డిగ్రీలప్పుడు, ఆ గాలి ఒంటిని చల్లార్చదు, ఇంకా కాలుస్తది. చెమట పట్టినట్టే తెలీదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది కాబట్టి మనోడు నాకసలు చెమటే పట్టలేదని గర్వంగా చెప్పి ఆ తర్వాత కల్వకుర్తి దాటాక కళ్ళు తిరుగుతున్నాయంటాడు. అక్కడ వేపచెట్టు కింద తలకి తడి తువ్వాల చుట్టుకున్న పెద్దాయన "ఏం పని మీద పోతున్రు బిడ్డా" అనడిగితే ఒక్కడి దగ్గరా జవాబు లేదు. పని లేదు కదా.

నల్లమల అంటే పచ్చగా, చల్లగా ఉంటదనుకునేవాళ్ళకి చిన్న మనవి, అది ఆకు రాల్చే అడవి, ఎండాకాలంలో టేకు చెట్లన్నీ మనకన్నా డీలాగా నిలబడుంటాయి. నీడ లేదు. కోతులు మాత్రం ఫుల్లు, వాటికీ మన నీళ్ళ బాటిలే కావాలి.

ఇక డ్యామ్. గ్రూప్ డీపీలో ఉన్న ఫొటో వరద టైమ్‌ది, గేట్లెత్తి నురగలు కక్కే సీను. మే నెలలో 12 గేట్లూ మూసే ఉంటాయి, సముద్రమట్టం లెక్కన 885 అడుగుల దాకా నిండాల్సిన చోట బండరాళ్ళు కనిపిస్తుంటాయి. అయినా రీల్ తియ్యకుండా కదలరు, హెల్మెట్ తీసి అద్దానికి తగిలిస్తారు, ట్యాంక్ మీద స్టైల్‌గా చెయ్యేస్తారు, చెయ్యి కాలి ఎగురుతారు, మళ్ళీ టేక్. నాలుగో టేక్‌లో ఆ బాధే యాటిట్యూడ్ లాగా పడుద్ది, అదే స్టేటస్ పెడతారు.

అందుకే అటవీశాఖ వారికి నా విన్నపం. చెక్‌పోస్ట్ దగ్గర రశీదుతో పాటు తపస్వి అని ఒక సర్టిఫికెట్ కూడా చేతిలో పెట్టండి. బుల్లెట్ వెనక కూర్చుని సైలెన్సర్‌కి పిక్క అంటుకుని బొబ్బెక్కినోడికి మాత్రం డిస్టింక్షన్ ఇవ్వాలి, ఆరో అగ్ని వాడొక్కడే చూశాడు.