చిన్న మదుపరికి దొడ్డిదారే దిక్కా?

అంకుర సంస్థల్లో సామాన్యులు చిన్న మొత్తాలు పెట్టి ఆన్‌లైన్‌లో వాటాలు కొనుక్కునే పద్ధతిని, అంటే ఈక్విటీ క్రౌడ్‌ఫండింగ్‌ను, మన దేశంలోకి రానివ్వాలా అని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014 జూన్‌లో ఓ చర్చాపత్రం విడుదల చేసింది. ఆ పత్రం అటకెక్కి పదేళ్లు దాటింది. 2016 ఆగస్టులో, ఇలా ఇంటర్నెట్‌లో వాటాలు ఇప్పించే వేదికలకు అనుమతి లేదని సెబీ హెచ్చరించింది. 2024 డిసెంబరులో, స్టాక్ ఎక్స్ఛేంజీల్లో లిస్ట్ కాని కంపెనీల షేర్లతో వ్యాపారం చేస్తున్న వేదికల గురించి మరోసారి జాగ్రత్త చెప్పింది. హెచ్చరించడం సెబీ పని, కాదనలేం. ఔననకుండా కాదనకుండా ఇన్నేళ్లు నాన్చడమే మాకు మింగుడుపడటం లేదు.

ఇప్పుడున్న చట్టం సంగతి చూద్దాం. ప్రైవేటుగా వాటాలు జారీ చేసే కంపెనీ ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి ఆఫర్ ఇవ్వకూడదని కంపెనీల చట్టం 42వ సెక్షన్, దాని కింది నిబంధనలు చెబుతున్నాయి. ఉద్యోగులకిచ్చే స్టాక్ ఆప్షన్లు, పెద్ద సంస్థల పెట్టుబడులు ఈ లెక్కలోకి రావు. మిగతావాళ్లను ముందే గుర్తించి పేరు పేరునా ఆఫర్ పంపాలి తప్ప బహిరంగంగా ప్రకటనలు ఇవ్వకూడదు. ఇంత గట్టి నిబంధన ఊరికే పుట్టలేదు. కోట్ల మంది నుంచి వేల కోట్లు వసూలు చేసిన సహారా కంపెనీలు, అదంతా ప్రైవేటు వ్యవహారమేనని వాదించాయి. 24 వేల కోట్లకు పైగా సొమ్మును వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలని 2012 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. తెలుగు రాష్ట్రాలకైతే ఎక్కడో ఉదాహరణ వెతకక్కర్లేదు. అగ్రిగోల్డ్ బాధితుల ధర్నాలు చూశాం. నిన్నగాక మొన్న, 2025లో, ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ (కంపెనీలకు రావాల్సిన బిల్లుల మీద ముందుగా డబ్బివ్వడం) పేరుతో ఓ యాప్ వేల మంది దగ్గర వందల కోట్లు సేకరించిందన్న ఫాల్కన్ కేసు హైదరాబాద్‌ను కుదిపేసింది. కాబట్టి సెబీ భయాన్ని మేం తీసిపారేయడం లేదు.

అయితే దారి మూసేసినంత మాత్రాన జనం పెట్టుబడి పెట్టడం మానేశారా? కొత్త కంపెనీ పెట్టిన కుర్రాడు ముందుగా అడిగేది బాబాయినీ, బావమరిదినీ, పాత ఆఫీసు స్నేహితుల్నే. ‘పది లక్షలిస్తే రెండు శాతం వాటా’ అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుంటారు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెడతారు, అంతటితో వాటాదారులం అయిపోయామనుకుంటారు. కంపెనీ పద్ధతిగా వాటాలు కేటాయించి, ఆ వివరాలు రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు సమర్పించి, సభ్యుల రిజిస్టర్‌లో పేరు ఎక్కిస్తే తప్ప ఆ కాగితం ఎవర్నీ వాటాదారును చేయదు. మీటింగుకు పిలుపు రాదు, ఓటు ఉండదు. మహా అయితే ఆ పది లక్షలు ఖాతాల్లో అప్పుగా కనిపిస్తాయి. కంపెనీ మునిగితే ఎలాగూ డబ్బు పోతుంది. అసలు తగాదా కంపెనీ బాగుపడినప్పుడే మొదలవుతుంది. వెంచర్ క్యాపిటల్ సంస్థ డబ్బుతో వచ్చి వాటాదారుల జాబితా తీయించాక, అందులో బాబాయి పేరు ఉండదు. చుట్టరికం కాస్తా కోర్టుకెక్కుతుంది.

చట్టబద్ధంగా వెళ్దామంటే, మదుపర్ల డబ్బు పోగేసి అంకుర సంస్థల్లో పెట్టే ఏంజెల్ ఫండ్లు ఉన్నాయి. 2025 సెప్టెంబరులో మార్చిన నిబంధనల ప్రకారం వాటిలో చేరాలంటే అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ అయి ఉండాలి. ఏడాదికి రెండు కోట్ల ఆదాయమో, సగం ఆర్థిక ఆస్తుల రూపంలో ఉండేలా ఏడున్నర కోట్ల నికర ఆస్తో చూపిస్తే ఆ గుర్తింపు దక్కుతుంది. మాదాపూర్‌లో 20 లక్షల జీతం తెచ్చుకునే ఇంజినీరుకు ఇందులో చోటు లేదు. అదే ఇంజినీరు ఫోన్ తీసి ఆప్షన్స్ ట్రేడింగ్, అంటే షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో పందెం కాసే వ్యాపారం, చేసుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్లుండరు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడింగ్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్లకు పైమాటేనని లెక్క కట్టింది సెబీయే. ఆ పందేన్ని ఒప్పుకొంటూ, తనకు తెలిసిన రంగంలోని అంకుర సంస్థలో పదివేలు పెడతానంటే మాత్రం రిస్కు అనడం ఏ రకం రక్షణ?

అమెరికా 2012లో జాబ్స్ చట్టం చేసి, 2016 మే నుంచి ఈక్విటీ క్రౌడ్‌ఫండింగ్‌ను అమల్లోకి తెచ్చింది. ఆదాయాన్ని బట్టి మదుపరికి పరిమితి ఉంటుంది. ఆఫర్ కనీసం 21 రోజులు తెరిచి ఉంచాలి, గడువుకు 48 గంటల ముందు వరకూ మనసు మార్చుకోవచ్చు. లక్ష్యం చేరకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. బ్రిటన్‌లో క్రౌడ్‌క్యూబ్ వేదికపై, నేడు మోంజోగా పేరున్న బ్యాంకు 2016లో 96 సెకన్లలో పది లక్షల పౌండ్లు సేకరించింది.

కానీ అదే బ్రిటన్‌లో ఇంకో కథ ఉంది. మేం పాఠకుల దృష్టికి తేదలచింది దాన్నే. బ్రూడాగ్ అనే బీరు కంపెనీ 2009 నుంచి అభిమానులకే నేరుగా వాటాలు అమ్మింది. 2017లో టీఎస్‌జీ అనే అమెరికా పెట్టుబడి సంస్థ అందులో దాదాపు 22 శాతం వాటా తీసుకుంది. దానికి దక్కినవి ప్రిఫరెన్స్ షేర్లు, ఏటా 18 శాతం చక్రవడ్డీ లెక్కన రాబడి హామీతో. అంటే కంపెనీ అమ్ముడుపోతే ఆ సంస్థ తన లెక్క తేల్చుకున్నాకే మామూలు షేర్లున్న అభిమానులకు ఏమైనా మిగులుతుంది. 18 శాతం చొప్పున వంద రూపాయలు ఎనిమిదేళ్లలో 376 అవుతాయి. కంపెనీ విలువ అంత వేగంగా పెరగకపోతే, ఏటికేడూ చిన్న మదుపరి వంతు కరిగిపోతూ ఉంటుంది. ఇందులో ఎవరూ డబ్బుతో ఉడాయించలేదు. అంతా ఒప్పందం ప్రకారమే జరిగింది. మన దగ్గర చర్చంతా మోసగాళ్ల చుట్టూ తిరుగుతుంది గానీ, ఇలాంటి షరతుల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

అందుకే మదుపరి ఎంత సంపన్నుడన్నది ఒక్కటే కొలబద్ద కాకూడదు. 2014 పత్రం కూడా చిన్న మదుపరికి ఏటా కనీసం పది లక్షల ఆదాయం ఉండాలని, ఒక్కో ఆఫర్‌లో అరవై వేలకు మించి పెట్టకూడదని ప్రతిపాదించింది. ఎంత పెట్టాలన్న దానికి హద్దు ఉండాల్సిందే, అయితే అది ఆదాయంలో ఇంత శాతమని ఉంటే చాలు. వేదికలు సెబీ దగ్గర నమోదు కావాలి. డబ్బు నేరుగా కంపెనీ చేతికి పోకుండా, మూడో పక్షం అధీనంలోని ఎస్క్రో ఖాతాలో ఉండాలి. ప్రైవేటు కంపెనీలో సభ్యులు 200 దాటకూడదన్న చిక్కుకు బ్రిటన్‌లో సీడర్స్ అనే క్రౌడ్‌ఫండింగ్ వేదిక చేసిన ఏర్పాటు పనికొస్తుంది: చిన్న మదుపర్లందరి తరఫున ఒకే నామినీ పేరుతో షేర్లు ఉంటాయి. తర్వాత వచ్చే పెద్ద పెట్టుబడిదారుకు మూడు వందల సంతకాల టెన్షన్ ఉండదు, చిన్నవాళ్ల ఓటూ చెదిరిపోదు. దీనికి కంపెనీల చట్టంలో సవరణ కావాలి కనుక కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ కూడా సెబీతో కలిసి కూర్చోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆఫర్ పత్రం మొదటి పేజీ. కంపెనీని అమ్మితే వచ్చే సొమ్ము ముందు ఎవరికి పోతుంది, నాకెంత మిగులుతుంది, నా షేరు నేను ఎప్పుడు, ఎవరికి అమ్ముకోగలను? ఈ మూడింటికీ జవాబులు ఆ పేజీలోనే, అంకెలతో ఉండాలి. కొత్త పెట్టుబడి వచ్చి ఆ జవాబులు మారినప్పుడల్లా పేజీ మళ్లీ రాసి మదుపర్లకు పంపాలి. అది ఇంగ్లిషులోనే ఉంటే సరిపోదు. నంద్యాలలోనో కరీంనగర్‌లోనో పదివేలు పెట్టే మనిషి చార్టర్డ్ అకౌంటెంటు దగ్గరికి పరుగెత్తకుండా తెలుగులో చదువుకుని, అక్కర్లేదనుకుంటే పక్కన పడేసేలా ఉండాలి.