సహజమే అయితే నిర్బంధం ఎందుకు?

యుద్ధవార్తలు వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: ‘మనిషి నెత్తుట్లోనే యుద్ధం ఉంది, దాన్ని ఎవరూ మార్చలేరు.’ ఈ మాటను నేను ఒప్పుకోను. నెత్తుట్లో ఉన్నది కోపం. పొలం గట్టు దగ్గర తగాదా వస్తే కర్ర ఎత్తించేది అదే. ముక్కూ మొహం తెలియని మనిషిని చంపడానికి సముద్రాలు దాటి వెళ్ళడం మాత్రం కోపంతో అయ్యే పని కాదు. దానికి ఖజానా కావాలి, ధాన్యం కావాలి, ఆజ్ఞ కావాలి.

మొదటి ప్రపంచ యుద్ధాన్నే చూడండి. 1914 క్రిస్మస్ నాడు ఫ్రాన్స్, బెల్జియంలలోని పశ్చిమ యుద్ధరంగంలో చాలాచోట్ల బ్రిటిష్, జర్మన్ సైనికులు కందకాల్లోంచి బయటికి వచ్చి చేతులు కలిపారు. పాటలు పాడుకున్నారు, సిగరెట్లు పంచుకున్నారు, మధ్యలో పడి ఉన్న శవాలను పూడ్చిపెట్టారు. అంతకుముందు ఒకరినొకరు కాల్చుకున్నవాళ్ళే వీళ్ళు! కలవమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మళ్ళీ కలవకూడదని మాత్రం మరుసటి ఏడాది పై అధికారులు ఉత్తర్వులు ఇవ్వవలసి వచ్చింది. తమంతట తాము చేరేవారు చాలక 1916లో బ్రిటన్ నిర్బంధ సైనిక సేవను చట్టం చేసింది. పారిపోయారనీ పిరికితనం చూపారనీ ఆ సైన్యం తనవాళ్ళనే నిలబెట్టి కాల్చింది. అలా చనిపోయినవారిలో 306 మందికి 2006లో, అంటే సుమారు తొంభై ఏళ్ళకు, క్షమాభిక్ష దక్కింది. ఆకలి సహజం, అన్నం తినమని ఎవరినీ తుపాకీ చూపి బెదిరించనక్కర్లేదు.

ఎదుటి పక్షానికీ బలమైన సాక్ష్యాలున్నాయి, వాటిని దాచకూడదు. సూడాన్‌లో నైలు నది ఒడ్డున జెబెల్ సహాబా అనే చోట పదమూడు వేల ఏళ్ళకు పైబడిన శ్మశానం బయటపడింది. అక్కడ దొరికిన 61 మంది ఎముకల్లో చాలావాటిపై ఆయుధాల గాయాలున్నాయి. కొన్ని మానిన గాయాలు, కొన్ని మానకుండానే ప్రాణం తీసినవి. అంటే దాడులు పదేపదే జరిగాయి. టాంజానియాలోని గోంబే అడవిలో 1974 నుంచి 1978 వరకు ఒక చింపాంజీల గుంపు మరో గుంపులోని మగవాటిని వెంటాడి చంపడాన్ని చింపాంజీలను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త జేన్ గుడాల్ బృందం నమోదు చేసింది. అయితే మనకు చింపాంజీలంత దగ్గరి చుట్టాలైన బోనోబోలు అనే వానరాల్లో అలాంటి వేట కనిపించలేదు. గుంపు కట్టి చంపగల శక్తి మనిషికి ఉందని ఇవి రుజువు చేస్తాయి. చంపక తప్పదని రుజువు చేయవు.

అశోకుడి పదమూడో శిలాశాసనం కళింగ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, తాను పశ్చాత్తాపపడుతున్నాననీ చెబుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆ శాసనం ఉంది. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడల్లో మాత్రం దాన్ని చెక్కించలేదు. ఆ స్థానంలో వేరే శాసనాలు వేయించారు. కారణం ఎక్కడా రాసి లేదు. తమవాళ్ళను పోగొట్టుకున్న జనం ముందు ఆ లెక్క చదివించడానికి రాజుకు మొహం చెల్లలేదని నేను అనుకుంటాను. ఆ సిగ్గు కూడా మనిషి స్వభావంలోనిదే.